మామను అడగని మాట

ఇన్నేళ్ళుగా దీన్ని మోస్తున్నాను. మోయడం అలవాటు కూడా అయిపోయింది. మొహం అలా ఉందేమని ఎవరైనా అడిగితే నిద్ర సరిగా లేదంటాను, కడుపులో మంట అంటాను. అవి అబద్ధాలు కావు. కానీ అసలు సంగతి వాటి వెనకాల దాక్కుని ఉంటుంది. దొంగకు తేలు కుట్టినట్టని మా అవ్వ అనేది. అరవలేడు, ఎక్కడ కుట్టిందో చూపించలేడు. నేను అట్లా ఉన్నాను.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నయం. తెలిసినవాళ్ళకైతే చెప్పలేను. ఒకరికి చెప్పాను, ఆమెకే చెప్పాను, అది పనిచేయలేదు. ఎందుకు పనిచేయలేదో చివర్లో చెబుతాను. ముందే చెబితే మీరు నా మీద జాలిపడతారు. అది నాకు వద్దు.

నేను కౌన్సెలర్‌ని. తెలంగాణ వచ్చాక పాలమూరు దిక్కున ఒక సర్కారు దవాఖానలో మానసిక రోగుల కోసం ఒక గది తెరిచారు. ఊరి పేరు రాయను. అందులో నాకు కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. డాక్టరు వారానికి ఒకరోజు పెద్ద దవాఖాన నుంచి వచ్చేవారు. ముందు నేను మాట్లాడాలి, తర్వాత ఆయన చూస్తారు. వచ్చినవాళ్ళు చాలామంది, ఆయనకు టైం తక్కువ. కాబట్టి నేను చెప్పిన దాన్నిబట్టే ఆయన చూపు ఎటు పోవాలో అటు పోయేది.

నా పనిలో అన్నిటికంటే పెద్ద పని ఒకటుంది. ఎదురుగా కూర్చున్న మనిషి ప్రాణానికి ముప్పు ఎంత దగ్గర్లో ఉందో అంచనా కట్టాలి. డాక్టరు దాన్ని రిస్క్ అనేవారు. దానికి మాకు శిక్షణ ఇచ్చారు. ఇంటివాళ్ళను బయటికి పంపి, ఆ మనిషిని ఒక్కడినే కూర్చోబెట్టి, చుట్టూ తిప్పకుండా అడగాలి: చచ్చిపోవాలని అనిపిస్తోందా అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనవాళ్ళ భయం. పుట్టదు. ఉన్నదే బయటికి వస్తుంది. ఈ సంగతి నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. తెలిసి చేసిన తప్పుకీ తెలియక చేసిన తప్పుకీ తేడా లేదా? ఉంది. నాది తెలిసి చేసింది.

మా వాళ్ళు కురుమలు. మా ఊరు కోస్గి దిక్కు. బాపు గొర్లకాపరి. నేను చదువుకుని కుర్చీలో కూర్చున్నా, నోరు విప్పితే మందలో పుట్టినవాణ్ణని తెలిసిపోతుంది. ఆ గదిలో అదే నా బలం. ఊర్లనుంచి వచ్చినవాళ్ళు పిచ్చి డాక్టరు దగ్గరికి వచ్చామన్న సిగ్గుతో తలవంచుకుని కూర్చునేవారు. నేను మీదేమూరని అడిగేవాణ్ణి. ఎవరింటోళ్ళని అడిగేవాణ్ణి. అటు తిప్పి ఇటు తిప్పి ఎక్కడో ఒకచోట వరస కలిపేవాణ్ణి. పెద్దమ్మా, బావా, మామా అని పిలిచేసరికి మనిషి వదులయ్యేవాడు. నాకంటే ఎక్కువ చదివినవాళ్ళకు చేతకాని పని నాకు వచ్చని గర్వం కూడా ఉండేది. ఎంత గర్వమో ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే నాలుగు తిట్టుకోవాలనిపిస్తుంది.

సర్కారు గొల్లకురుమలకు గొర్రెలు పంచిన కాలంలో ఒక వానాకాలం చాలా ఊర్లలో జీవాలకు నీలినాలుక రోగం తగిలింది. ఆ తర్వాత చలి మొదలవుతుండగా బీరయ్య వచ్చాడు. పేరు మార్చాను. యాభై దాటిన మనిషి. పొడుగ్గా, ఎండలో ఎండిన దేహం. వెంట ఆయన భార్య వచ్చింది. ఆమెను చంద్రమ్మ అందాం. పిల్లలు లేరు. ఆయన కూర్చుని నేల చూస్తున్నాడు. ఆమె కూర్చోకముందే మొదలుపెట్టింది.

"సారూ, ఈయన నిద్రవోతలేడు. బువ్వ ముడ్తలేడు. ఒక్కదిక్కే చూస్కుంట కూసుంటడు. జీవాలు సచ్చినకాన్నుంచి గిట్లనే."

నేను అలవాటు ప్రకారం ఊరడిగాను, ఇంటిపేరడిగాను. మా బాపు పేరు చెప్పాను. చంద్రమ్మ మొహం విప్పారింది. మా బాపు ఆమెకు వరసకు అన్న అవుతాడట, వాళ్ళ పెద్దమ్మ తరఫున. "అట్లయితే నువ్వు మాకు పరాయోనివి గాదు. నాకు అల్లునివైతవు. గీయన నీకు మామైతడు" అంది. బీరయ్య అప్పుడు మొదటిసారి తలెత్తి నన్ను చూశాడు.

"మీ బాపును నేనెరుగుదు" అన్నాడు. "కృష్ణ ఒడ్డుకు మందలు తోల్కపోయినప్పుడు ఒక్కతాన బువ్వ తిన్నం."

అంతే. అక్కడితో ఆయన నాకు రోగి కాకుండా పోయాడు. మామ అయ్యాడు.

మామను ఆ మాట ఎట్లా అడగాలి? అత్త పక్కనే కూర్చుని ఉంది. ఆమెను జర బయట కూర్చోమంటే, అప్పుడే కలిసిన వరసను అప్పుడే తెంపినట్టు. బయటికి పంపకుండా అడిగితే, మొగుని చావు మాట పెళ్ళాం ముందు ఎత్తినట్టు. మా ఇండ్లలో మంచం పట్టిన ముసలాయన ముందు కూడా ఆ మాట ఎత్తరు. పరాయి సారునైతే నిబ్బరంగా అడిగేవాణ్ణి. అల్లుణ్ణి అయ్యాక నోరు రాలేదు. నేనే వల పన్ని నేనే అందులో చిక్కుకున్నాను.

రాలేదంటే పూర్తిగా నిజం కాదు. మొదలుపెట్టాను. అది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"మామా, నీ మనసుల ఏమన్న..." అని ఆగాను.

ఆయన నన్నే చూస్తున్నాడు. ఎదురుచూస్తున్నాడని ఇప్పుడు అనిపిస్తుంది. అడుగుతాడా, అడిగితే చెప్పేస్తాను అన్నట్టు. అప్పుడు నాకు అట్లా అనిపించిందా? లేక తర్వాత నేను కల్పించుకున్నానా? తెలియదు. ఆ చూపు మాత్రం కల్పించుకోలేదు.

"ఏమన్న భయం గిట్ల ఐతదా?" అని మాట మార్చాను.

"భయమేందల్లుడా" అన్నాడు. కొంచెం నవ్వాడు. మళ్ళీ నేలచూపు.

చంద్రమ్మ అందుకుంది. "గొంగడి గూడ తమ్ముని కొడుక్కిచ్చేసిండు బిడ్డా. వాళ్ళ నాయిన ఇచ్చిన గొంగడి. ఎందుకంటే, నాకెందుకింక అన్నడు."

ఈ ముక్క దగ్గర నేను చాలాసార్లు ఆగిపోతాను. మీరు కురుమ ఇంట్లో పుట్టకపోతే ఇది మీకు చిన్న సంగతి. చలికాలం ముందు గొర్లకాపరి తన గొంగడి ఇంకొకరికి ఇవ్వడు. కొడుక్కి కూడా ఇవ్వడు. ఎండకు, వానకు, చలికి, పడకకు అన్నిటికీ అదొక్కటే. గొంగడి లేకుండా మందలో ఒక్క రాత్రి గడవదు. డాక్టరుకు ఆ సంగతి తెలియకపోవచ్చు, ఆయన పట్నపు మనిషి. శిక్షణ ఇచ్చినవాళ్ళకూ తెలియదు. ఇష్టమైన వస్తువులు పంచిపెడుతున్నాడేమో చూడమని చెప్పారు, ఉంగరం, గడియారం, బండి అని ఉదాహరణలు చెప్పారు. గొంగడి అన్నది నాకు మాత్రమే తెలియాలి. ఆ గదిలో ఆ మాట విని ఉలిక్కిపడాల్సిన ఒకే ఒక్క మనిషిని నేను.

ఉలిక్కిపడ్డాను కూడా. చెవిలో పడ్డది, లోపల ఏదో కదిలింది. దాన్ని పక్కకు పెట్టాను. తమ్ముని కొడుకు అంటే ప్రేమ కాబోలు అనుకున్నాను. అలా అనుకుంటే నాకు సులువు కాబట్టి అనుకున్నాను.

అప్పుడు చంద్రమ్మ అసలు అడగవలసిన సంగతి అడిగింది.

"మా మరిది మంద తోల్కపోతుండు, నల్గొండ దిక్కు, సాగర్ కాలువ కిందికి. వరికోతలైనయి గదా. ఈయనను గూడ రమ్మంటుండు. నాకైతే భయమైతుంది. తోలియ్యాల్నా వద్దా, నువ్వే చెప్పు."

నేను ఏమన్నానో వినండి.

"పోనీ అత్తా. ఇంట్ల గోడలు చూస్కుంట కూసుంటే ఇంకింత పాడైతడు. జీవాల నడుమ ఉంటే మనసు మర్లుతది."

"నువ్వు పొమ్మంటే తోలిస్త బిడ్డా."

"పొమ్మనే అంటున్న."

లోపలికి వెళ్ళి డాక్టరుకు చెప్పాను. ఆయన మందులు రాస్తూ, తల ఎత్తకుండా, రిస్క్ ఎట్లా ఉందని అడిగారు. "తక్కువే సార్. ఇంటివాళ్ళు మంచిగ చూసుకుంటున్నరు. ఒంటరిగా లేడు" అన్నాను. నేను అడిగాననే ఆయన అనుకున్నారు. ఎందుకు అనుకోరు? అడగడానికే కదా నాకు కుర్చీ వేసింది.

ఒంటరిగా లేడట. మందకు పోయినవాడు ఒంటరిగా ఉండడని ఎవరన్నా పట్నపోడు అంటే అర్థం ఉంది. నేనెట్లా అన్నాను? మా బాపు ఎండాకాలం ముగిసి ఇంటికి వచ్చాక చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. మాట మర్చిపోయినట్టు ఉండేవాడు. అమ్మ పలకరిస్తే ఉలిక్కిపడేవాడు. పొద్దున మంద విప్పితే ఒక్కొక్క కాపరి ఒక్కొక్క దిక్కు పోతాడు. మళ్ళీ పొద్దుగూకే దాకా మనిషి మొహం కనబడదు. దూరం నుంచి ఇంకో కాపరి అదిలింపు వినబడితే అదే తోడు. చిన్నప్పుడు సెలవుల్లో బాపు వెంట పోయి, ఆ నిశ్శబ్దానికి భయపడి ఏడ్చి, చదువుకుంటానని మొండిపట్టు పట్టినవాణ్ణి నేను. ఆ భయమే నన్ను బడికి తరిమింది. అట్లాంటివాణ్ణి, నిద్రలేని మనిషిని, గొంగడి పంచిపెట్టిన మనిషిని, పొమ్మన్నాను.

ఎందుకు? చాలాసార్లు నన్ను నేనే అడిగాను. ఒక జవాబు ఏమిటంటే, మా పల్లెల్లో అందరూ అదే అంటారు, పనిలో పడితే మనసు కుదురుతుందని. ఇంకో జవాబు ఉంది, అది కొంచెం నీచమైనది. పొమ్మంటే ఆ ప్రశ్న అడగనక్కరలేదు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. ఎందుకో చెప్పాలంటే ఆ మాట ఎత్తాలి.

కాలువ కింద, పొలాల్లో, ఒక సాయంత్రం బీరయ్య వెంట పోయిన జీవాలు తిరిగి వచ్చాయి. ఆయన రాలేదు. వెతికితే మరునాడు దొరికాడు. ఎట్లా అన్నది రాయను. అది ఎవరికీ అవసరం లేదు.

నాకు కబురు ఆ ఊరి ఆశ కార్యకర్త ఫోన్‌లో చెప్పింది. ఆ రోజు పనంతా చేశాను. వచ్చినవాళ్ళతో మాట్లాడాను. వరసలు మాత్రం కలపలేదు.

దినాలైన తర్వాత వాళ్ళు దవాఖానకు వచ్చారు. పోలీసుల దగ్గర ఇవ్వడానికి వైద్యం చేయించినట్టు కాగితం కావాలట. బీరయ్య తమ్ముడు మల్లయ్య, ఊరి పెద్దమనిషి ఒకాయన, వాళ్ళ వెనకాల చంద్రమ్మ. మగవాళ్ళు లోపలికి వచ్చారు. ఆమె తలుపు దగ్గర నిలబడింది. డాక్టరు ఆ రోజు ఉన్నారు. ఆయనకు కోపంగా ఉందో, భయంగా ఉందో నాకు తెలియలేదు. అందరి ముందూ నన్నే అడిగారు: "ఇంట్లో వాళ్ళకు నువ్వేం చెప్పినవ్?"

నా కాంట్రాక్టు ఆ నెలలోనే తిరగరాయాలి. పెళ్ళి కుదిరి ఉంది. ఇవన్నీ సాకులని నాకు తెలుసు, అయినా చెబుతున్నాను, ఆ క్షణంలో నా తలలో తిరిగినవి ఇవే కాబట్టి. బీరయ్య తిరగలేదు. సిగ్గుతో చెబుతున్నాను, ఆయన మొహం ఆ క్షణంలో నా తలలోకి రానేలేదు.

"ఒక్కణ్ణి పంపొద్దని చెప్పిన సార్. మందకు అసలే వద్దన్న. వాళ్ళు పంపిన్రు."

 చాలా తేటగా చెప్పాను. రోజూ నిజం చెప్పేవాడిలాగా.

మల్లయ్య వెనక్కి తిరిగి వదినెను చూశాడు. పెద్దమనిషి కూడా చూశాడు. చంద్రమ్మ నోరు తెరిచింది. నన్ను చూసింది. కాదంటుందని నేను ఎదురుచూశాను. నువ్వే కదా పొమ్మన్నవ్ అని అరుస్తుందని. అరిచి ఉంటే బాగుండేది. ఆమె నోరు మూసుకుంది. అన్నమాట అవునో కాదో వెతుక్కుంటున్నదానిలా కనుబొమలు ముడిచింది. సర్కారు సారు, మెడలో కార్డు, ఇంగ్లీషు రాయగలిగేవాడు, పైగా అల్లుడు. అట్లాంటివాడు చెప్పానని అంటే తనే సరిగా వినలేదేమో అనుకుంది. ఆ అనుకోవడం నా కళ్ళ ముందే మొదలైంది. నేను చూశాను. చూస్తూ ఊరుకున్నాను.

ఆ తర్వాత ఆమెకు ఏం జరిగిందో ఆశ కార్యకర్త అప్పుడప్పుడు చెప్పేది. నేను అడిగేవాణ్ణి కాదు, ఆమే చెప్పేది. డాక్టరు వద్దన్నా వినకుండా మొగుణ్ణి చావుకు తోలిందని వాడకట్టంతా అన్నారట. మల్లయ్య ఇంటివాళ్ళు ఆమె చేతి నీళ్ళు ముట్టలేదట. పెళ్ళికి పిలవలేదు, చావుకు పిలవలేదు. పక్కపక్కనే ఇండ్లు, నడుమ గోడ కూడా లేదు, అయినా పలకరింపు లేదు. ఆమె పత్తి ఏరడానికి కూలీకి పోతే పక్క సాలు పట్టుకోవడానికి ఆడవాళ్ళు వెనకాడేవారట. కొన్నాళ్ళు తల్లిగారింటికి పోయింది, అక్కడా అదే మాట ముందుగా చేరింది, తిరిగి వచ్చింది. నేను అది విని అయ్యో అనేవాణ్ణి. ఫోన్ పెట్టేసేవాణ్ణి.

నా ఉద్యోగం మాత్రం చక్కగా సాగింది. నల్గొండకు మార్పించుకున్నాను. మా ఆవిడకు పాలమూరులో బడి ఉద్యోగం, ఆమె అక్కడే ఉంది. నేనిక్కడ ఒక గది కిరాయికి తీసుకున్నాను. సెలవులకు కలుస్తాం. మొదట్లో ఏంటి నీ బాధ అని అడిగేది. ఇప్పుడు అడగడం మానేసింది. అడగనివాళ్ళతో ఉండడం సులువని నేనూ ఊరుకున్నాను. గదికి వచ్చి, అన్నం వండుకుని, టీవీ పెట్టి, శబ్దం తగ్గించి కూర్చుంటాను. చలికాలంలో పాలమూరు మందలు ఈ దిక్కుకు వస్తాయి. దేవరకొండ రోడ్డు మీద గొర్రెలు అడ్డం వస్తే బస్సు ఆగుతుంది. అందరూ విసుక్కుంటారు. నేను కిటికీ నుంచి తల పక్కకు తిప్పుకుంటాను.

ఇక్కడ నాకు ఇంకో పని అప్పగించారు. నర్సులకు, ఆశలకు శిక్షణ ఇవ్వడం. ముప్పును ఎట్లా గుర్తించాలి, ఎట్లా అంచనా కట్టాలి అని. నవ్వొస్తోందా? రావాలి. నేను బాగా చెబుతానని పేరు. నేరుగా అడగండి, ఒంటరిగా అడగండి, మొహమాటపడకండి అని గట్టిగా చెబుతాను. చెప్పి ఊరుకోలేదు. ఇది ఇంతవరకూ ఎవరికీ తెలియదు. ప్రతి శిక్షణలో ఒక ఉదాహరణ చెప్పేవాణ్ణి. ఒక కాపరి కుటుంబం, నేను ఒంటరిగా పంపొద్దని చెప్పాను, భార్య వినలేదు, ఇట్లా జరిగింది, కాబట్టి ఇంటివాళ్ళకు ఒకటికి రెండుసార్లు చెప్పండి అని. ఆడవాళ్ళు చుచ్చుచ్చు అనేవారు. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారే, అట్లా. ఆమె పుండును పొడుచుకు తిని నేను మంచి సారును అనిపించుకున్నాను.

పోయిన ఏడాది ఒక శిక్షణలో, అదే ఉదాహరణ అయ్యాక, ఒక కొత్త నర్సు లేచి నిలబడింది. సన్నగా, కొంచెం బెరుకుగా.

"సార్, ఆమె ఎట్లున్నది ఇప్పుడు? ఆమెతోని ఎవరన్న మాట్లాడిన్రా?"

అంతే అడిగింది. నేను నా వెనకాల బోర్డు వైపు తిరిగాను. పోయినవాళ్ళ ఇంటివాళ్ళకు కూడా ముప్పు ఎక్కువ, వాళ్ళను వదలకండి అని దాని మీద రాసి ఉంది. నా చేతిరాతే. చంద్రమ్మను నేను ఒక్కసారి కూడా చూడడానికి పోలేదు. ఆమెకు ఎట్లా ఉందని, బతకాలనిపిస్తోందా అని, ఎవరూ అడగలేదు. నేను రాసినదాని ప్రకారమే ఆమె అందరికంటే ముందు ఉండవలసిన మనిషి. ఇంటివాళ్ళు ఆమెను చూసుకుంటున్నారని ఏదో చెప్పి ఆ అమ్మాయిని కూర్చోబెట్టాను. తర్వాత ఏం చెప్పానో నాకు గుర్తులేదు.

ఆ వారమే బయలుదేరాను. బస్సులు మారుతూ కోస్గిలో దిగి, ఆటో ఎక్కి పోయాను. దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకున్నాను. నేను అబద్ధమాడాను అత్తా. తప్పు నీది కాదు. మీ మరిదికి, ఊరికి నేనే చెబుతాను. కొడితే కొట్టు. నేను కూర్చుకున్నదంతా ఇంతే.

ఆమె ఇంట్లో ఉంది. సన్నబడింది, కానీ నిటారుగానే ఉంది. గుర్తుపట్టింది. "అల్లుడా, దారి తప్పినవా?" అంది, వేళాకోళంగా. మంచం వాల్చింది. అంబలి తెచ్చింది. తాగకపోతే మాట్లాడనివ్వదని తాగాను. ఎట్లున్నవని అడిగాను. ఉన్న అంది. మెల్లమెల్లగా ఆ ప్రశ్న కూడా అడిగాను, ఈసారి నేరుగానే. చచ్చిపోవాలని ఎప్పుడన్న అనిపించిందా అని.

"ముందుగాల అనిపించింది. ఇప్పుడు లేదు" అంది. అంత తేలిగ్గా చెప్పింది. ఆ ప్రశ్న అంత తేలికైనదని నాకు అప్పుడు తెలిసింది. ఎంత ఆలస్యంగా.

తర్వాత చెప్పాను. కూర్చుకున్న మాటలు రాలేదు. తడబడుతూ చెప్పాను. ఆ రోజు నేను వద్దనలేదు, పొమ్మన్నాను, అందరి ముందూ అబద్ధమాడాను అని.

 ఆమెకు కోపం వస్తుందని కాచుకున్నాను. రాలేదు.

"గట్లెందుకంటవు బిడ్డా? నువ్వు చెప్పినవు. నాకు మంచిగ యాదికున్నది. తలుపు కాడిదాంక వచ్చి, అత్తా, ఒక్కన్ని తోలియ్యకు, జర పైలం అని చెప్పినవు. నేనే ఇనలె."

నేను తలుపు దాకా రాలేదు. అట్లాంటి మాట ఏదీ అనలేదు. కుర్చీలోంచి లేవనే లేదు. ఆమెకు మాత్రం నా గొంతు గుర్తుంది, నేను నిలబడిన జాగా గుర్తుంది. ఊరంతా ఏళ్ళ తరబడి చెబుతూ ఉంటే, ఆమె మనసు దానికి ఒక తలుపును, ఒక మాటను కట్టుకుంది.

కాదత్తా అన్నాను. ఒట్టు పెట్టాను. మా బాపు మీద ఒట్టు పెట్టాను. ఆమె నా చేయి పట్టుకుంది.

"నా మనసు చల్లవడాలని గింత దూరం వచ్చి అబద్ధమాడుతున్నవు. నువ్వు మంచోనివి. మీ బాపు గూడ గట్లనే మంచోడు." చేయి వదలకుండానే అంది, "ఇన్నేండ్ల సంది మోసిన అల్లుడా. ఇప్పుడు నాది గాదంటే నేనేం చేయాలె?"

మల్లయ్యకైనా చెబుతానన్నాను. అప్పుడు మాత్రం ఆమె గొంతు గట్టిపడింది. "వద్దు. మొన్న వాళ్ళ మనుమరాలి పురుడుకు పిలిచిన్రు. ఇప్పుడిప్పుడే మాట్లాడుతుండ్రు. మళ్ళ లేపకు. నీకు దండం పెడ్త."

దండం పెట్టింది కూడా. నేను లేచి వచ్చేశాను.

ఆమె మాట కాదని మల్లయ్య దగ్గరికి పోవాలా? పోతే ఎవరికోసం? ఆమెకోసమా, నాకోసమా? అక్కడ మాట దాచడం కూడా పిరికితనమేనేమో. నాకు తేలలేదు. శిక్షణల్లో ఆ ఉదాహరణ చెప్పడం మానేశాను. అంతమాత్రానికి ఏం ఒరిగింది? నేను ఆడిన అబద్ధం ఇప్పుడు నా దగ్గర లేదు. ఆమె దగ్గర ఉంది, ఆమెకు అది నిజం అయిపోయింది, వెనక్కి అడిగితే ఇవ్వనంటోంది.

అందుకే మీకు చెబుతున్నాను. మీరు క్షమించడానికి కాదు, ఆ హక్కు మీకు లేదు, ఉన్న మనిషికేమో క్షమించడానికి ఏమీ కనబడటం లేదు. ఇది ఒక్కచోటైనా ఉన్నది ఉన్నట్టు ఉండాలని. రాస్తుంటే చాలాకాలం తర్వాత ఊపిరి లోపలిదాకా పోతోంది.

నేను ఆయన్ని అడగలేదు. ఆమె భయమైతుందంటే నేను పొమ్మన్నాను. వద్దని ఎవరికీ, ఎప్పుడూ, ఏ తలుపు దగ్గరా చెప్పలేదు. చంద్రమ్మ నమ్మలేదు. మీరైనా నమ్మండి.